తలుపు మీది సింహం ఎంత చేస్తుంది?

చిరంజీవులైన పిల్లలకు, తిరుపతి నుంచి తాత ఆశీస్సులు.

చిత్తూరు నుంచి ఒక అమ్మాయి ఉత్తరం రాసింది. వాళ్ళ అవ్వ ఉండిన పాత ఇల్లు విప్పుతున్నారట. వీధి తలుపుకు ఉన్న ఇత్తడి సింహం ముఖం, దాని నోట్లోని కడియం, ఒక గొళ్ళెం, నాలుగు బందులు ఊడదీసి పక్కన పెట్టారట. పాత సామాన్లు కొనేవాడు వచ్చి తూకానికి ఇమ్మన్నాడు. మామయ్య మాత్రం, ‘ఇది యాంటిక్, లక్షలు పలుకుతుంది’ అన్నాడు. ‘తాతా, ఎవరి మాట నిజం? అది పాతదేనని ఎలా తెలుసుకోవాలి? చింతపండుతో తోమి ఫోటో పంపనా?’ అని అడుగుతోంది.

చివరి ప్రశ్నకే ముందు జవాబు. తోమవద్దమ్మా! ఆ చింతపండును చారుకు వాడుకోమని మీ అమ్మకు ఇచ్చేయి.

మీ వంటింట్లో దోసె పెనం ఉంటుంది కదా, దాన్ని తీసి చూడండి. కొత్తగా కొన్నప్పుడు దోసె ఊడిరాక ఏడిపించి ఉంటుంది. నూనె తాగి, మంట తిని, ఉల్లిపాయ ముక్కతో రుద్దించుకుని, కొన్నేళ్ళకు నల్లగా నిగనిగలాడుతుంది. ఎవరైనా ఉత్సాహం ఎక్కువై దాన్ని ఇసుకతో తెల్లగా తోమారంటే, మర్నాడు ఆ ఇంట్లో ఉప్మాయే. పాత ఇత్తడి మీది గోధుమరంగు పొర కూడా అలాంటిదే. గాలి, తేమ, దీపం పొగ, వచ్చేపోయేవాళ్ళ చేతి చెమట అన్నీ కలిసి దాన్ని పట్టించాయి. చింతపండు పులుపుకు అది పది నిమిషాల్లో పోతుంది. తిరిగి రావాలంటే మీరు అవ్వలూ తాతలూ కావాలి. పాత వస్తువుల విలువ తెలిసినవాళ్ళు మొదట చూసేది ఆ పొరనే. దుమ్ము ఉంటే మెత్తటి పొడిగుడ్డతో తుడవండి, చాలు.

పెనాన్ని ఇంకొంచెం చూడండి. గరిటె తిరిగే నడుమ నునుపు, ఎవరూ ముట్టని అంచు గరుకు. సింహాన్నీ అలాగే చూడాలి. చెయ్యి పట్టే చోట కడియం నున్నబడి ఉండాలి. నోట్లో అది ఆడే చోట రెండు వైపులా ఇత్తడి అరిగి గాడి పడి ఉండాలి. ముక్కు, నుదురు మెత్తబడి, జూలు మడతల్లో మాత్రం నలుపు నిలిచి ఉండాలి. కొత్తగా పోసి, రసాయనంలో ముంచి పాతదిగా చూపించే సరుకులో నలుపు అంతటా ఒకే తీరుగా ఉంటుంది. అంగట్లోనే నల్లరంగు పూసి అమ్మే పెనం అన్నమాట. కొందరు గడుసువాళ్ళు ఆకురాయితో అరుగుదల కూడా తయారు చేస్తారు. అందుకని కడియాన్ని మీరే పట్టుకుని తలుపు తట్టినట్లు ఆడించండి. మీ వేళ్ళు పడని చోట అరుగుదల కనబడితే అనుమానించండి.

వెనక్కి కూడా తిప్పండి. ఇసుక అచ్చులో పోసిన ఇత్తడి వెనుకవైపు ఎవరూ మెరుగు పెట్టరు కాబట్టి ఇసుక గరుకు, ఆకురాయి గీతలు అలాగే ఉండిపోతాయి. టార్చిని పక్కనుంచి పట్టి చూస్తే బాగా తెలుస్తాయి.

తరవాత అయస్కాంతం పెట్టండి. ఇక్కడ నా పెనం పనికిరాదు, అది ఇనుము, టక్కున అంటుకుంటుంది. ఇత్తడి అంటే రాగి, జింకు. కంచు అంటే రాగి, తగరం. రెండూ అయస్కాంతానికి లొంగవు. సింహానికి అంటుకుందంటే లోపల ఇనుము, పైన పూత. అంటుకోనంత మాత్రాన పాతదని సంబరపడకండి, నిన్న పోసిన ఇత్తడికీ అంటుకోదు.

మరమేకుల తలలు చూడండి. ప్లస్ గుర్తు గాడి ఉంటే అది 1930ల తరవాతి మేకు. మొన మొద్దుగా ఉంటే చాలా పాతది కావచ్చు. మొన తేలిన మరమేకులు యంత్రాల మీద విరివిగా రావడం 19వ శతాబ్దం నడిమి నుంచే. అయితే మేకులు ఎవరో ఎప్పుడో మార్చి ఉండవచ్చు, వాటి ఒక్క సాక్ష్యంతో తీర్పు చెప్పకండి.

మా చిన్నప్పుడు గోవిందరాజస్వామి గుడి దగ్గరి మా వీధిలో చాలా తలుపులకు ఇలాంటి కడియాలు ఉండేవి. చప్పుడును బట్టి వచ్చింది ఎవరో చెప్పేవాళ్ళం. పోస్టుమాన్ రెండుసార్లు గట్టిగా కొట్టేవాడు. మా మేనత్త ఒక్కసారి కొట్టి, తెరిచేలోగా పేరుపేరునా పిలిచేది. నాకు కడియం అందక పలకతో కొట్టి తిట్లు తినేవాణ్ణి. పాత ఇనుముకూ ఇత్తడికీ ఖర్జూరాలు ఇచ్చే బండి ఒకటి వచ్చేది. ఎవరింట గొళ్ళెం వదులైనా మాకు నోరూరేది. ఎన్ని తలుపుల అందం అలా తీపిగా మా కడుపుల్లోకి పోయిందో! ఇప్పుడు పెద్దవాళ్ళు అదే పని తూకం రాళ్ళతో చేస్తున్నారు.

ఇక ధర. తూకానికి అడిగినవాడికి లోహం ఒక్కటే కనిపించింది. తిరుమలలో అన్నమయ్య పాటలు చెక్కిన రాగిరేకులను తక్కెడలో పెడితే వాటికీ రాగి ధరే వస్తుంది. అలాగని మామయ్య లక్షలనూ నమ్మలేను. సింహం ముఖాలు మన దక్షిణాదిన చాలానే పోశారు. ఒంటరి ముఖం కంటే కడియం, గొళ్ళెం, బందులు, మేకులు అన్నీ కలిసి ఉన్న జత ఎక్కువ పలుకుతుంది. ఏ ఊరు, ఏ వీధి, ఎవరి ఇల్లు, ఏ తలుపు అన్నది రాసిపెట్టి ఉంటే ఇంకా ఎక్కువ. కాబట్టి విడదీసి అమ్మనివ్వకండి. ఒక అట్టముక్క మీద వివరాలు రాసి దారంతో కట్టండి. కొనే ఉద్దేశం లేనివాణ్ణి ఒకణ్ణి తప్పక అడగండి, అతని మాటే కాస్త నిఖార్సుగా ఉంటుంది.

చట్టం కూడా ఒకటి ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన ఇలాంటి కళావస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి, సొంతంగా దేశం దాటించకూడదు. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అప్పటికే ఆ సింహం తలుపు మీద ఉంటే వందేళ్ళు నిండినట్లే. అమెరికా బాబాయి పెట్టెలో పెట్టుకుపోతానంటే, ముందు పురావస్తు శాఖవాళ్ళకు చూపించమని చెప్పండి.

అసలు సంగతి ఒకటి నువ్వు రాయలేదమ్మా. ఆ తలుపు చెక్క ఎక్కడుంది? సింహం కింద, కడియం తగిలే చోట గుంట పడి ఉండాలి. వడ్రంగి చిత్రిక పట్టకముందే వెళ్ళి చూడు. కడియం అడుగును ఆ గుంటలో ఆనించు. రెండూ అతికినట్టు సరిపోతే ఆ సింహం ఆ తలుపుదే. సరిపోకపోతే అంతకుముందు అక్కడ ఇంకేదో ఉండేదన్నమాట. అదేమిటో అవ్వను అడిగి నాకు రాయి.

మీ తాత