ప్రతిభను తూచేది ఎవరు?

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య దీవెనలు.

పెద్ద జడ్జి పదవి ఖాళీ అయితే సీనియర్‌కి ఇవ్వాలా, సమర్థుడికి ఇవ్వాలా అని మొన్న ఫోనులో గట్టిగానే వాదించుకున్నారు. మీలో ఎక్కువమంది ప్రతిభ వైపే ఉన్నారు. మీ వయసులో అదే న్యాయంగా తోస్తుంది. కానీ ఫలానావాడు సమర్థుడని తేల్చేది ఎవరు? ఇంగ్లీషువాళ్ల కాలంలో మద్రాసు హైకోర్టులో ఏం జరిగిందో చెబుతాను.

తంజావూరు ప్రాంతంలో 1832లో పుట్టిన ముత్తుస్వామి అయ్యర్ చాలా బీదవాడు. చిన్నతనంలోనే నెలకు రూపాయి జీతానికి ఊరి లెక్కల పనిలో చేరాడు. వీధి దీపం కింద చదువుకున్నాడని అంటారు. కింది కోర్టు జడ్జి అయిన మునసబు నుంచి ఒక్కో మెట్టూ ఎక్కాడు. మద్రాసులో మేజిస్ట్రేటుగా ఉంటూనే లా డిగ్రీ అయిన బి.ఎల్. పరీక్ష నెగ్గి, చిన్న మొత్తాల దావాలు చూసే స్మాల్ కాజెస్ కోర్టుకు జడ్జి అయ్యాడు. 1878లో ఆయన్ని హైకోర్టు జడ్జిగా వేశారు. అంతవరకు ఆ కోర్టులో భారతీయ జడ్జి లేడు.

ఆంగ్లేయుల పత్రికలు మండిపడ్డాయి. నేటివుకు దొరలతో సమానమైన జీతమా అని గోల పెట్టాయి. వాటికి జవాబు చెప్పే పత్రిక మనవాళ్లకు లేదని ఇద్దరు మేష్టర్లు, నలుగురు లా విద్యార్థులు కలిసి రూపాయి పన్నెండు అణాలు అప్పు తెచ్చి, 1878 సెప్టెంబరు 20న ‘ది హిందూ’ మొదలుపెట్టారు. తొలి సంచిక 80 ప్రతులు. ఆ ఆరుగురిలో ఒకరు, తర్వాత రాజమండ్రిలో పేరుమోసిన న్యాపతి సుబ్బారావు పంతులు. ఒక జడ్జి నియామకాన్ని తమ సొంత గౌరవంగా భావించిన ఆ కుర్రాళ్లంటే నాకు ఎంతో అభిమానం.

ఇక్కడివరకు ప్రతిభే గెలిచింది. సర్వీసులో ఎవరు ముందు చేరారన్నదే చూసి ఉంటే సివిల్ సర్వీసు దొరలే వరసగా ఆ కుర్చీలు నింపేవారు.

మరి ప్రధాన న్యాయమూర్తి పదవి? 1861 హైకోర్టుల చట్టం ప్రకారం ప్రధాన న్యాయమూర్తితో కలిపి కనీసం మూడో వంతు జడ్జీలు బారిస్టర్లు, అంటే సీమలో లా చదివి పట్టా పొందినవాళ్లు, కావాలి. అంటే ఆ పెద్ద పదవి బారిస్టరుకే. ఓడెక్కి ఇంగ్లండుకు వెళ్లి చదివే స్తోమత ఎంతమందికి ఉండేది? రూపాయి జీతంతో మొదలైన ముత్తుస్వామి ఎంత చక్కటి తీర్పులు రాసినా ఆ అర్హత రాదు. పైకి అది చదువుకు పెట్టిన కొలత. నా దృష్టిలో మాత్రం మనవాళ్లను గుమ్మం బయటే ఆపిన గడియ.

ఆ చట్టంలోనే ఇంకో ఏర్పాటు ఉంది. మిగతా జడ్జీల వరస నియామకం తేదీని బట్టే నడవాలి. ప్రధాన న్యాయమూర్తి సెలవు పెడితే జడ్జీల్లోంచే ఒకరిని తాత్కాలికంగా ఆ స్థానంలో పెట్టాలి. సర్వీసు లెక్క, అంటే ఎవరు ముందు జడ్జి అయ్యారన్న లెక్క, మనవాళ్లకు అక్కరకొచ్చింది ఇక్కడే. నేటివుకు అంత తెలివి లేదని ఎవరైనా అనగలరు, నియామకం తేదీని మాత్రం మార్చలేరు. 1882లో కలకత్తాలో ప్రధాన న్యాయమూర్తి గార్త్ సెలవు పెడితే, 1874 నుంచి జడ్జిగా ఉన్న రమేశ్ చంద్ర మిత్రకు ఆ బాధ్యత ఇచ్చాడు వైస్రాయ్ రిపన్. అక్కడి ఆంగ్లేయులు అల్లరి చేశారు. 1893లో మద్రాసులో ముత్తుస్వామి అయ్యరూ అలాగే కొన్నాళ్లు ఆ స్థానంలో కూర్చున్నారు. తర్వాత అదే కోర్టు జడ్జి సుబ్రమణ్య అయ్యర్ 1899, 1903, 1906లలో మూడుసార్లు ఆ పని చేశారు. మూడుసార్లు పనికొచ్చిన మనిషికి శాశ్వతంగా ఇవ్వడానికి ఏం అడ్డం? నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

1920లో లాహోర్ హైకోర్టులో షాదీలాల్ శాశ్వత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆయన బారిస్టరు కాబట్టి చట్టం అడ్డురాలేదు. 1935 భారత ప్రభుత్వ చట్టం వచ్చాకే ఆ బారిస్టర్ షరతు పోయింది. మద్రాసు హైకోర్టుకు తొలి భారతీయ శాశ్వత ప్రధాన న్యాయమూర్తి మన తెలుగువాడు పి.వి. రాజమన్నార్. అప్పటికి 1948 వచ్చింది, దేశానికి స్వాతంత్ర్యం కూడా వచ్చేసింది.

ఇది చదివి మీ వాదన మళ్లీ రాసి పంపండి. ప్రతిభ వైపు ఉన్నవాళ్లు, ఆ ప్రతిభను ఎవరు, దేన్నిబట్టి తూచాలో కూడా రాయాలి.

మీ తాతయ్య