నిషి-కసాయ్‌కి మనవాళ్లు ఎలా చేరారు: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు,

పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది. టోక్యోలో ఇన్ని పేటలుండగా మీ అక్కా బావా, వాళ్లతోపాటు ఇంతమంది మన దేశస్థులు నిషి-కసాయ్‌లోనే ఎందుకు ఇళ్లు తీసుకున్నారని అడిగారు. తెలిసినవాళ్లున్న చోటికి తెలిసినవాళ్లు చేరతారని ఒక్క ముక్కలో తేల్చేయవచ్చు కానీ, అందరికంటే ముందు వచ్చినవాడు ఎవరిని చూసి వచ్చాడన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. దానికి జవాబు ఆ పేట నేలలోనూ, రైలు దారిలోనూ, ఇంటద్దె నిబంధనల్లోనూ ఉంది కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

ముందుగా పటం తీయండి. టోక్యో నగరం 23 వార్డులుగా ఉంటుంది. వాటిలో తూర్పు కొసన ఉన్నది ఎదోగావా వార్డు. అందులో దక్షిణ భాగాన, సముద్రానికి దగ్గరగా ఉన్న పేట నిషి-కసాయ్. పడమటి వైపు వెడల్పుగా కనిపించే అరకవా నది ఆ చోట సహజంగా పారినది కాదు. 1910లో వచ్చిన పెద్ద వరద టోక్యో తూర్పు పేటలను ముంచేశాక, నగరాన్ని కాపాడుకోవడానికి 22 కిలోమీటర్ల పొడవున, దాదాపు 500 మీటర్ల వెడల్పున కొత్త పాయను తవ్వి 1930 నాటికి పూర్తిచేశారు. పనామా కాలువ నిర్మాణంలో పనిచేసి వచ్చిన అవోయామా అకిరా అనే ఇంజనీరు ఈ పనిలో ముఖ్యుడు.

నది సంగతి అలా ఉండగా, సముద్రం వైపు నుంచి వచ్చే భయం తీరలేదు. 1917 అక్టోబరులో తుపానుతోపాటు వచ్చిన ఉప్పెన కసాయ్ తీరాన్ని ఊడ్చేసింది. దివిసీమ గురించి మీ తాతయ్య చెప్పగా విన్నారు కనుక ఉప్పెన అంటే ఏమిటో మీకు నేను వేరే వివరించనక్కరలేదు. అయినా జనం అక్కడే ఉన్నారు. లోతులేని ఆ సముద్రంలో నోరి అనే నాచును పెంచి, ఎండబెట్టి అమ్ముకునేవారు, ఆల్చిప్పలు ఏరుకునేవారు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత ఫ్యాక్టరీల మురికి నీళ్లు సముద్రాన్ని పాడుచేశాయి. 1962లో అక్కడి జాలర్లు చేపల వేట హక్కులను వదులుకున్నారు. అదే కాలంలో భూగర్భజలాన్నీ, దానిలో కరిగి ఉన్న సహజవాయువునూ విపరీతంగా తోడేయడం వల్ల నేల కుంగిపోసాగింది. ఒక దశలో కసాయ్ ప్రాంతంలో ఒక్క ఏడాదిలోనే 20 సెంటీమీటర్లకు పైగా దిగిపోయిందంటే, పోటు వచ్చినప్పుడు పొలాలు ఉప్పునీటి కింద ఉండిపోయాయంటే, ఆ రైతుల కష్టం ఎలాంటిదో ఆలోచించండి. చివరికి 1972లో టోక్యో ప్రభుత్వం వాయువు తవ్వే హక్కులనే కొనేసి ఆ పని ఆపించింది. మునిగిన నేలను మట్టితో పూడ్చి, మెరక చేసి, వీధులు గీసి కొత్త పేటలు కట్టారు. నిషి-కసాయ్‌కి దక్షిణాన ఉన్న సెయ్‌షిన్‌చో, రింకాయ్‌చో అలా పుట్టినవే.

ఆ నేలకు జనాన్ని తెచ్చింది తోజాయ్ లైన్ అనే మెట్రో రైలు. 1969లో ఆ దారి అరకవా మీదుగా తూర్పుకు సాగింది. నిషి-కసాయ్ స్టేషను మాత్రం పదేళ్ల తరవాత, 1979 అక్టోబరులో తెరిచారు. నగరం మధ్య నుంచి ఆ రైలెక్కితే మినామి-సునమాచి దాకా అంతా సొరంగమే. అక్కడ దాటగానే ఒక్కసారిగా వెలుగులోకి వచ్చి, కిలోమీటరుకు పైగా పొడవున్న వంతెన మీద చక్రాల చప్పుడు మారుతుండగా, కింద నది, పక్కన నది కన్నా ఎత్తుగా గట్టు, గట్టు వెనక ఇళ్ల కప్పులు కనిపిస్తాయి. నది నీటి మట్టాన్నీ ఆ ఇళ్ల గుమ్మాలనూ పోల్చి చూస్తే నేల ఎంత పల్లమో అర్థమవుతుంది. ఆ రైల్లో ఉదయం పూట నిలబడటానికి కూడా చోటుండదు. 2019లో టోక్యో మెట్రోల్లో అత్యంత రద్దీగా లెక్కతేలినది ఈ లైనే. అయినా దానికున్న ఒక గుణం చాలా గొప్పది: బ్యాంకులు, షేరు మార్కెట్ సంస్థలు ఉన్న కయబాచో, ఒతెమాచిలకు రైలు మారకుండా ఇరవై నిమిషాల లోపు చేరుస్తుంది.

ఇప్పుడు మనవాళ్ల దగ్గరికి వస్తాను. 2000 సంవత్సరం రాగానే పాత కంప్యూటర్లు తేదీలను తప్పు చదువుతాయన్న భయంతో జపాన్ బ్యాంకులు, బీమా సంస్థలు తమ ప్రోగ్రాములను సరిచేయించుకోవడానికి భారతదేశం నుంచి ఇంజనీర్లను రప్పించుకున్నాయి. ఆఫీసులేమో కయబాచో, ఒతెమాచి వైపు, ఇళ్లేమో దొరకవు. అక్కడ ప్రైవేటు ఇల్లు అద్దెకు తీసుకోవాలంటే అడ్వాన్సు కాక, ఇంటి యజమానికి తిరిగిరాని సొమ్ముగా రెయ్‌కిన్ అని ఒకటి రెండు నెలల అద్దె ఇవ్వాలి. అద్దె ఎగవేస్తే తాను కడతానని పూచీ పడే మనిషిని చూపించాలి. నిన్నగాక మొన్న విమానం దిగిన కుర్రవాడికి పూచీ పడే జపనీయుడు ఎక్కడ దొరుకుతాడు? పైగా విదేశీయులకు ఇవ్వమని ముఖం మీదే చెప్పే యజమానులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. యూఆర్ అనే ప్రభుత్వ గృహసంస్థ ఇళ్లకు మాత్రం రెయ్‌కిన్ లేదు, పూచీదారు అక్కరలేదు, దళారీకి ఇచ్చేదీ లేదు. సరైన వీసా, తగిన జీతం ఉంటే చాలు, దేశమేదని చూడరు. పూడ్చిన నేల కొత్తది, విశాలమైనది కావడం వల్ల అలాంటి పెద్ద పెద్ద అపార్టుమెంటు సముదాయాలు నిషి-కసాయ్ చుట్టుపక్కల చాలా వెలిశాయి. వాటిని అక్కడ డాంచి అంటారు. నేలా, రైలూ, అద్దె నిబంధనా మూడూ ఒకేచోట కలిసిన పేట అది.

అందరికంటే ముందు వచ్చినవాడు ఎవరన్న ప్రశ్న మిగిలింది కదా? టీ వ్యాపారం చేసే జగ్‌మోహన్ చంద్రాని 1978లో జపాన్ వచ్చి ఆ ప్రాంతంలో స్థిరపడ్డారు. ఇంజనీర్లు రావడం మొదలయ్యాక, ఇళ్ల కోసం వాళ్ల తరఫున మాట్లాడిందీ, శాకాహారం దొరక్క ఇబ్బందిపడేవాళ్ల కోసం భోజనశాల తెరిచిందీ ఆయనే. ఆ తరవాత పిల్లల బడులు, కిరాణా కొట్లు, వీసా ముగిసేలోపు సామాన్లు అమ్ముకునేవాళ్లు, కొనుక్కునేవాళ్లు, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. హైదరాబాదు, విశాఖల నుంచి వెళ్లిన మన తెలుగువాళ్లూ ఇందులో ఉన్నారు. 2019లో ఎదోగావా వార్డు సభకు పురాణిక్ యోగేంద్ర ఎన్నికయ్యారు. భారతదేశంలో పుట్టి జపాన్‌లో ఎన్నికల్లో గెలిచిన మొదటి మనిషి ఆయన.

పత్రికలవాళ్లు ఈ పేటను లిటిల్ ఇండియా అంటారు గానీ, ఆ పేరు నమ్మి వస్తే మీరు నిరాశపడతారు. స్టేషను దిగితే కనిపించేవి జపాన్ సూపర్ మార్కెట్లు, పళ్ల డాక్టర్ల బోర్డులు, వరసగా నిలిపిన సైకిళ్లు. మనవాళ్లు వేలల్లో ఉన్నా, ఏడు లక్షల జనాభా ఉన్న వార్డులో ఆ సంఖ్య చిన్నదే. కరివేపాకు, ఇడ్లీ రవ్వ దొరికే కొట్లు వీధి లోపలికి వెళ్లి వెతుక్కోవాలి. సాయంత్రం డాంచి మధ్యనున్న ఆటస్థలంలో నాలుగైదు భాషలు కలిసి వినిపిస్తాయి. పిల్లలు మాత్రం తమలో తాము జపనీసులోనే పోట్లాడుకుంటారు.

ఇంకొక సంగతి మీ అమ్మకు భయం కలిగించకుండా చెప్పండి. 2019లో వార్డు కార్యాలయం ఇంటింటికీ పంచిన వరద పటం అట్ట మీద, ఎదోగావా వార్డును చూపిస్తూ "ఇక్కడ ఉండకూడదు" అని అచ్చువేశారు. పెద్ద వరద వస్తే నీళ్లు రెండు వారాలకు పైగా నిలిచిపోవచ్చు గనుక, ముందే వార్డు వదిలి పొమ్మని దాని అర్థం. తమ ఊరిని గురించి ఇంత నిక్కచ్చిగా రాసుకున్న అధికారులను నేను మెచ్చుకుంటాను. అదే ఏడాది అక్టోబరులో హగిబిస్ తుపాను వచ్చినప్పుడు వార్డు పడమటి భాగంలో నాలుగు లక్షల మందికి పైగా ఖాళీ చేయమని సూచన వెళ్లింది. అరకవా గట్టు ఆ రాత్రి నిలిచింది.

మీరు వచ్చేటట్లయితే ఆగస్టులో వద్దు, ఉక్కపోత భరించలేరు. అక్టోబరు చివర్లో రండి. కసాయ్ సముద్రతీర ఉద్యానవనంలో 117 మీటర్ల ఎత్తున్న రంగులరాట్నం ఎక్కితే, పైనుంచి ఈ ఉత్తరంలో రాసిన నదీ, గట్లూ, పూడ్చిన నేలా అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. స్టేషనుకు ఉత్తరాన గ్యోసెన్ పార్కులో చిన్న జంతుప్రదర్శనశాల ఉంది, టికెట్టు లేదు. సోమవారం దానికి సెలవు, సముద్రతీర ఉద్యానవనంలోని అక్వేరియానికి బుధవారం సెలవు. ప్రయాణం తేదీలు చూసుకునేటప్పుడు ఈ రెండూ గుర్తుపెట్టుకోండి.

ఇట్లు,
మీ పెద్దమ్మ