లోహ హైడ్రోజన్ వివాదం: వజ్రం వెనుక కనిపించేదెంత?

హైడ్రోజన్‌ను తగినంత గట్టిగా నొక్కితే అణువులు విడిపోయి అది లోహంగా మారుతుందని యూజీన్ విగ్నర్, హిలార్డ్ హంటింగ్టన్ 1935లో లెక్కగట్టారు. సుమారు 25 గిగాపాస్కల్, అంటే దాదాపు రెండున్నర లక్షల వాతావరణాల పీడనం దగ్గర ఇది జరగవచ్చన్నారు. ఆ అంచనా చాలా తక్కువని తర్వాతి ప్రయోగాలు తేల్చాయి. అయితే లోహం దొరికిందని ఎవరు ప్రకటించినా వివాదం ఎందుకు రేగుతుందో అర్థం కావాలంటే, అంతటి పీడనంలో ఉన్న స్ఫటికాన్ని చూసే మార్గం ఎలా ఏర్పడిందో తెలుసుకోవాలి.

పరమాణువుకు ఒక్క ఎలక్ట్రానే ఉన్న హైడ్రోజన్ నుంచి ఎక్స్-కిరణాలు చాలా బలహీనంగా పరిక్షేపణం చెందుతాయి. అందుకే సాక్ష్యం కోసం ప్రధానంగా కాంతి మీదే ఆధారపడాల్సి వచ్చింది. 1950ల చివర అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో రెండు వజ్రాల మొనల మధ్య పదార్థాన్ని నొక్కే పరికరం తయారైంది. స్మగ్లర్ల నుంచి ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న వజ్రాలే అక్కడి పరిశోధకులకు అక్కరకొచ్చాయి! దానితో మొదట తీసినవి పరారుణ వర్ణపటాలే. తర్వాత మొనల మధ్య సన్నటి లోహపు రేకు పెట్టి, అందులోని చిన్న రంధ్రంలో ద్రవాలను, వాయువులను బంధించడం సాధ్యమైంది. నమూనా పక్కన కెంపు రేణువును ఉంచి, దాని ఎర్రని వెలుగు తరంగదైర్ఘ్యం ఎంత జరిగిందో చూసి పీడనాన్ని కొలవవచ్చని 1972లో అదే సంస్థ చూపింది.

హైడ్రోజన్ అణువులో రెండు పరమాణువుల కంపనం రామన్ వర్ణపటంలో (పదార్థంపై పడి చెదిరిన కాంతి రంగులో వచ్చే మార్పును చూపే పటం) సెంటీమీటరుకు సుమారు 4,150 తరంగాల దగ్గర గీతగా కనిపిస్తుంది. పీడనం పెరిగేకొద్దీ ఆ గీత మొదట పైకి జరిగి, కొన్ని పదుల గిగాపాస్కల్‌లు దాటాక కిందికి దిగడం మొదలుపెడుతుంది, అంటే అణువులోని బంధం సడలుతోందన్నమాట. 1988లో అమెరికాలోని కార్నెగీ పరిశోధన సంస్థకు చెందిన హెమ్లీ, మావో అతిశీతల స్థితిలో 150 గిగాపాస్కల్ దగ్గర ఆ గీత ఒక్కసారిగా సెంటీమీటరుకు సుమారు 100 తరంగాల మేర పడిపోవడం గమనించారు. ఈ కొత్త దశ పరారుణాన్ని బలంగా పీల్చుకుంటుందని తర్వాత తేలింది. రెండు పరమాణువులూ ఒకటే అయిన ఒంటరి అణువుకు అలా పీల్చుకునే సామర్థ్యం లేదు కాబట్టి, ఇరుగుపొరుగు అణువుల మధ్య విద్యుదావేశం కదులుతోందని భావించాల్సి వచ్చింది. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన ఘట్టం ఇదే.

చిక్కంతా వజ్రంతోనే. కిటికీగా పనిచేసే ఆ వజ్రానికీ సొంత రామన్ గీత ఉంది, పరారుణంలో కొంత భాగాన్ని అదే మింగేస్తుంది, తీవ్ర పీడనంలో పగిలిపోతుంది కూడా. 2017లో హార్వర్డ్ బృందం 495 గిగాపాస్కల్ దగ్గర మెరిసే హైడ్రోజన్‌ను చూశామని ప్రకటించగా, పీడనం లెక్కపైనా, ఆ మెరుపు వజ్రంపై పూసిన అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొరది కావచ్చనీ ఇతరులు అభ్యంతరాలు చెప్పారు. ఆ తర్వాత వజ్రం పగిలి నమూనా చేజారింది. 2020లో ఫ్రాన్స్‌లోని సోలెయ్ సింక్రోట్రాన్ (ఎలక్ట్రాన్‌లను వేగంగా తిప్పి తీవ్రమైన కాంతిని పుట్టించే యంత్రం) పరారుణ కాంతితో లూబెయిర్ బృందం, 80 కెల్విన్ (సుమారు మైనస్ 193 డిగ్రీల సెల్సియస్) వద్ద, 425 గిగాపాస్కల్ దగ్గర హైడ్రోజన్ గుండా కాంతి ఉన్నట్టుండి ఆగిపోవడాన్ని నమోదు చేసింది. పీడనం తగ్గిస్తే కాంతి తిరిగి వచ్చింది. అయితే అణువులు చెదరకుండానే స్ఫటికం లోహంగా మారినా కాంతి అలాగే ఆగిపోతుంది కాబట్టి, 1935లో ఊహించిన అణువుల విచ్ఛేదనం జరిగిందని ఆ కొలత నిరూపించదు.