గాలం మింగిన చేప

ఈ చలికాలంలో పర్లాకిమిడిలో ఒకావిడ నన్ను ఆపి అడిగింది: "మాస్టారూ, మా ఆయన చన్నీళ్లలో చెయ్యి పెడితే చాలు, వేళ్లు సున్నం పూసినట్టు తెల్లబడిపోతున్నాయి. కాసేపటికి నీలం, ఆ తర్వాత ఎరుపు. గాలి సోకిందని మా అత్తగారు తాయెత్తు కట్టించారు. నిజమేనంటారా?" ఆయనది టెక్కలి వైపు గ్రానైట్ కోసే పని, పద్దెనిమిదేళ్లుగా.

అత్తగారి మాటలో సగం నిజముంది. గాలితో పాటే ఏదో లోపలికి వెళ్లి ఉండవచ్చు. అది రాతిపొడి.

స్క్లెరోడెర్మా అని ఒక జబ్బుంది. చర్మం బిగిసి చెక్కలా గట్టిపడుతుంది. చాలామందిలో మొదటి గుర్తు ఇలా వేళ్లు తెల్లబడటమే. 1914లో ఎడిన్‌బరో వైద్యుడు బైరమ్ బ్రామ్‌వెల్ ఈ జబ్బున్న తొమ్మిది మంది గురించి రాస్తే, అందులో అయిదుగురు రాతిపనివాళ్లే! 1957లో ఎరాస్మస్ అనే వైద్యుడు దక్షిణాఫ్రికా బంగారు గనుల కార్మికుల్లోనూ దీన్ని గమనించాడు. రాయి కోసేవాళ్లు, గనులు తవ్వేవాళ్లు. ఇద్దరూ పీల్చేది రాతిలో ఉండే సిలికా అనే ఖనిజం ధూళే.

తెల్ల రక్తకణాలంటే సైనికులని బళ్లో చెప్తాం. నాకా పోలిక నచ్చదు. ఊపిరితిత్తుల్లో కాపలా ఉండే మాక్రోఫేజ్ కణం కత్తి దూయదు, ఎదురొచ్చినదాన్ని మింగుతుంది. అది చెరువులో చేప లాంటిది. సూక్ష్మజీవిని మింగితే కడుపులోని ఘాటు రసాలతో అరిగించుకుంటుంది. నాలుగు మైక్రాన్ల లోపు సిలికా రేణువు మాత్రం గాలం. తల వెంట్రుక మందంలో అది పదో వంతు కూడా ఉండదు. మింగడం తేలికే, అరగదు. అప్పుడే పగిలిన రేణువు అంచులైతే మరీ చురుకు. లోపలి సంచి పొర చిరిగి, రసాలు కణంలోకే కారిపోతాయి. దాంతో ఎన్ఎల్ఆర్‌పీ3 అనే ప్రొటీన్ అలారం మోగి, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే వాపు రేపే ప్రొటీన్ బయటికొచ్చి, చుట్టుపక్కలంతా వాపు రేగుతుంది.

చేప చచ్చిపోతుంది. గాలం మాత్రం చెక్కుచెదరదు. పొట్ట పగిలి బయటపడ్డ అదే గాలాన్ని ఇంకో చేప మింగుతుంది. అదీ చస్తే మరొకటి. పని మానేసి ఏళ్లు గడిచినా చెరువులో చావులు ఆగకపోవడానికి కారణం ఇదే.

ఇక అసలు చిక్కు. చచ్చిన ప్రతి కణంలోంచీ మామూలుగా బయటికి రాని సామాన్లు తేలతాయి. డీఎన్ఏ మెలికలు విప్పే టోపోఐసోమెరేజ్-1 అలాంటిదే. చుట్టూ వాపు, అలారం మోత. ఆ గోలలో మన రోగనిరోధక వ్యవస్థ మన సొంత ప్రొటీన్‌నే శత్రువుగా గుర్తుపెట్టుకుంటే? స్క్లెరోడెర్మా రోగుల్లో కొందరి రక్తంలో సరిగ్గా ఈ ప్రొటీన్ మీదే యాంటీబాడీలు కనిపిస్తాయి. ల్యాబ్ రిపోర్టులో ఎస్‌సీఎల్-70 అని రాసేది దాన్నే. గాలం నుంచి యాంటీబాడీ దాకా ఉన్న దారిలో ప్రతి మెట్టూ రుజువైందని మాత్రం అనను. రాయి కోసేవాళ్లందరికీ ఈ జబ్బు రాదు కూడా. పుట్టుకతో వచ్చిన జన్యువుల పాత్ర ఉంటుంది.

ఆవిడకు ఇంకో మాట కూడా చెప్పాను. కటింగ్ మిషన్ అదురు వల్ల కూడా వేళ్లు తెల్లబడతాయి. కాబట్టి జబ్బు పేరు నేను చెప్పలేను. కీళ్ల వాతం చూసే రుమటాలజీ డాక్టర్ దగ్గరికి వెళ్లమన్నాను. ఏఎన్ఏ పరీక్ష (సొంత కణాల మీదే తయారైన యాంటీబాడీలను వెతికే రక్తపరీక్ష), ఛాతీ ఎక్స్-రే గురించి ఆయన చూసుకుంటారు. కానీ ఏం పని చేస్తారో, ఎన్నేళ్లుగానో డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పాలని రెండుసార్లు చెప్పాను. నీళ్లు పోస్తూ కోస్తే పొడి లేవడం బాగా తగ్గుతుంది. మొహానికి కట్టే తువ్వాలు అంత సన్న రేణువుని ఆపలేదు.

ఆవిడ కాసేపు ఆలోచించింది. "మరి సాయంత్రం ఆ చొక్కాలు గుమ్మంలో దులిపేది నేనే కదా మాస్టారూ?"

దులపకమ్మా. విప్పగానే బకెట్ నీళ్లలో ముంచెయ్యి, తడిసి బరువెక్కాకే చెయ్యి పెట్టు.