లవంగం వెయ్యని లవంగం వాసన

మనకు బీరంటే ఎండాకాలం. మే నెల మధ్యాహ్నం సీసా మీద నీటి చుక్కలు జారేంత చల్లగా ఉంటే చాలు, దాని రుచి గురించి ఎవరూ పెద్దగా అడగరు. నిజానికి అంత చల్లదనంలో రుచి సరిగ్గా తెలియదు కూడా. వాసన అణువులు ద్రవంలోంచి గాలిలోకి లేవాలంటే కాస్త వెచ్చదనం కావాలి. 4 డిగ్రీల దగ్గర వాటిలో చాలా భాగం గ్లాసులోనే ఉండిపోతుంది.

చలి దేశాల్లో డిసెంబరు కోసమే చేసే బీరు ఒకటుంది. ముదురు రంగు, చిక్కదనం, మామూలు బీరు కంటే ఎక్కువ ఆల్కహాల్. చాలాసార్లు అందులో దాల్చినచెక్క, జాజికాయ, లవంగం, అల్లం, నారింజ తొక్క కూడా పడతాయి. నార్వేలో పాతకాలపు గులాటింగ్ చట్టం ప్రకారం రైతులు క్రిస్మస్‌కి బీరు చేసి తీరాల్సిందే, లేకపోతే జరిమానా పడేది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని యాంకర్ బ్రూవరీ 1975లో క్రిస్మస్ బీరు మొదలుపెట్టి, దశాబ్దాల పాటు ప్రతి ఏడాదీ దాని తయారీని మార్చింది, సీసా మీది చెట్టు బొమ్మనూ మార్చింది. ఇప్పుడు ఆస్ట్రియాలో తయారయ్యే సామిక్లాస్‌ని ఏడాదికి ఒక్క రోజే, డిసెంబరు 6న, సెయింట్ నికొలస్ పండుగనాడు కాచి నెలల తరబడి నిల్వ ఉంచుతారు. అందులో ఆల్కహాల్ 14 శాతం.

ఇలాంటి బీరుకి మార్కులు వెయ్యడం ఒక విద్య. అమెరికాలో ఇంట్లో బీరు చేసుకునేవాళ్ల పోటీలు చాలా జరుగుతాయి. వాటిలో ఎక్కువగా వాడేది బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ అనే సంస్థ మార్కుల కాగితం. 1985లో మొదలైన ఈ సంస్థ పద్ధతిలో మొత్తం 50 మార్కులు. వాసనకి 12, చూపుకి 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకి 5, మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 10.

చూపుకి 3 మార్కులే ఇవ్వడం నాకు చాలా సబబుగా అనిపిస్తుంది. కన్ను ముక్కుని ఎంత సులువుగా నడిపిస్తుందో ఫ్రాన్స్‌లోని బోర్డోలో చేసి 2001లో అచ్చేసిన ఒక ప్రయోగం చూపించింది. తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి 54 మందికి ఇచ్చారు. వాళ్లంతా వైన్ తయారీ చదువుకుంటున్నవాళ్లే. అయినా ఎర్ర వైన్‌ని వర్ణించే మాటలతోనే దాని వాసనని రాశారు. ముదురు గోధుమ రంగు బీరు చూడగానే మన మెదడు కూడా బెల్లం వాసన వెతకడం మొదలుపెడుతుంది, అది ఉన్నా లేకపోయినా. అందుకే పోటీలో సీసా మీది పేరు జడ్జికి కనిపించదు, నంబరు మాత్రమే ఉంటుంది. ఇద్దరు జడ్జీలూ ఎవరి మార్కులు వాళ్లు వేసుకునేదాకా మాట్లాడుకోరు. ముఖంలో భావం కూడా కనబడనివ్వరు.

ముందు వాసన చూడాలి. గ్లాసులో పోసిన వెంటనే, నురగ విరిగేలోపు, రెండు మూడు చిన్న పీల్పులు చాలు. ఎక్కువసేపు పీలిస్తే ముక్కు అలవాటు పడిపోయి ఆ వాసనని పట్టించుకోవడం మానేస్తుంది. అప్పుడు జడ్జీలు తమ చొక్కా చేతిని వాసన చూసుకుంటారు. సొంత వాసన ముక్కుకి కొత్త కాదు కాబట్టి కాసేపటికి మళ్లీ తేడా తెలుస్తుంది. తర్వాత ఒక గుటక వేసి, నోరు మూసుకుని ముక్కుతో గాలి వదలాలి. గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కే ఆ వాసనే మనం రుచి అనుకునేదాంట్లో పెద్ద భాగం. జలుబు చేసినప్పుడు పులిహోర కూడా చప్పగా అనిపించేది ఇందుకే.

ఇక అసలు చిక్కు లవంగంతో. జర్మనీలోని బవేరియా గోధుమ బీరులో, చాలా బెల్జియం బీర్లలో లవంగం వాసన గట్టిగా వస్తుంది. వాటిలో ఒక్క లవంగం కూడా పడి ఉండకపోవచ్చు. ఆ వాసన చేసేది ఈస్ట్, అంటే బీరుని పులియబెట్టే సూక్ష్మజీవి. గింజల పొట్టులో ఉండే ఫెరూలిక్ ఆమ్లాన్ని కొన్ని రకాల ఈస్ట్ 4-వినైల్ గ్వాయకాల్ అనే పదార్థంగా మారుస్తుంది. మన వంటింటి లవంగంలో ఉండేది యూజినాల్. ఈ రెండు అణువులూ దాదాపు అక్కచెల్లెళ్లు, మూలభాగం ఒకటే, పక్కకి తగిలించిన కార్బన్ తోకలో తేడా అంతే. ముక్కు తడబడటంలో ఆశ్చర్యం లేదు.

అయినా తేడా పట్టుకోవచ్చు. బవేరియా ఈస్ట్ చేసిన లవంగం సాధారణంగా ఒంటరిగా రాదు, పక్కనే మగ్గిన అరటిపండు వాసన ఉంటుంది. అది ఐసోఅమైల్ ఎసిటేట్, అదీ ఈస్ట్ పనే. అసలు లవంగం ఎక్కువైతే నాలుక అంచు కాస్త మొద్దుబారుతుంది. పంటి నొప్పికి బామ్మ పెట్టిన లవంగం గుర్తున్నవాళ్లకి ఆ మొద్దుబారడం కొత్త కాదు. పోటీకి పంపేవాళ్లు ఏమేం వేశారో ముందే చెప్పాలన్న నియమం ఇక్కడే పనికొస్తుంది. అల్లం, నారింజ తొక్క మాత్రమే అని రాసి, మామూలుగా లవంగం వాసన పుట్టించని ఇంగ్లిష్ పద్ధతి ఈస్ట్ వాడిన బీరులో లవంగం కనబడితే, ఎక్కడో అడవి ఈస్ట్ దూరిందని అనుమానించాలి. ఒక బీరులో అందం అయిన వాసనే ఇంకో బీరులో తప్పు. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఈ విడదీత.

మసాలా వెనక అసలు బీరు నిలబడాలి. మొలకెత్తించి, ఆరబెట్టి, వేయించిన బార్లీ నుంచి ఈ బీరుకి వెన్నెముక వస్తుంది. వేపుడు వేడికి చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి రంగునీ వాసననీ పుట్టిస్తాయి. దోసె అంచు ఎర్రబడేది, ఉల్లిపాయ కమ్మగా వేగేది కూడా అదే రసాయన చర్యతో. అమెరికన్ జడ్జీలు దీన్ని టాఫీ, ఫ్రూట్ కేక్ అని రాస్తారు. మన ముక్కుకి అది అరిసెల పాకం, ఎండు ఖర్జూరం. మనవాళ్లు ఎవరైనా ఈ పని నేర్చుకుంటే ముందు ఈ మాటల్లోనే నోట్సు రాసుకోవాలని నా గట్టి అభిప్రాయం. చిన్నప్పటి నుంచి తిన్న వస్తువు పేరైతే వాసన తగలగానే నోటికొస్తుంది. ఎన్నడూ తినని కేక్ పేరు అలా రాదు. కాగితం నింపేటప్పుడు పక్కవాళ్లకి తెలిసిన మాటగా మార్చుకోవచ్చు.

గొంతులో వెచ్చదనం సంగతి ఇంకా వింతైనది. మిరపకాయ మంటని గుర్తించే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం మామూలుగా 42 డిగ్రీల దగ్గర స్పందిస్తుంది. ఆల్కహాల్ ఆ హద్దుని సుమారు 34కి దించుతుంది. మన నోటి వేడి అంతకంటే ఎక్కువే కాబట్టి మన వేడే మనకి సెగలా తగులుతుంది. చలికాలపు బీరులో ఈ సెగ మెత్తగా ఉంటే మార్కులు పడతాయి, గొంతు గీసుకుపోతే తగ్గుతాయి. ఒళ్లు వేడెక్కిందనుకోవడం మాత్రం ప్రమాదం. ఆల్కహాల్ చర్మం దగ్గరి రక్తనాళాల్ని వెడల్పు చేసి లోపలి వేడిని బయటికి పంపిస్తుంది. మంచులో తాగి నిలబడితే శరీరం ఇంకా త్వరగా చల్లబడుతుంది.

ఈ బీరుని 10 నుంచి 13 డిగ్రీల దగ్గర రుచి చూస్తే మంచిది. గ్లాసుని పక్కన పెట్టి పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. చల్లగా ఉన్నప్పుడు దాక్కున్న తప్పులు అప్పుడు పైకి వస్తాయి. వెన్న వాసన వస్తే డైఎసిటైల్ అనే పదార్థం మిగిలిందని, తడిసిన అట్టపెట్టె వాసన వస్తే పాతబడి ఆక్సిజన్ తగిలిన గుర్తు. దాల్చినచెక్కని ఎక్కువ రోజులు నానబెడితే చెక్కలోని టానిన్లు దిగి, పచ్చి అరటికాయ కొరికినట్టు వగరు నాలుకని పట్టేస్తుంది. నారింజ తొక్క లోపలి తెల్ల పొర పడితే చేదు.

ఇవన్నీ మార్కులుగా మారి 50లో ఏ 31 దగ్గరో ఆగుతాయి. కాగితం మీద మార్కులతో పాటు తయారుచేసినవాళ్లకి నాలుగు మాటలు రాయాలి. బాగుంది, బాగాలేదు అని రాస్తే వాళ్లకి ఉపయోగం లేదు. దాల్చినచెక్కని రెండు రోజులకే తీసెయ్యండి, నారింజ తొక్కని పలచగా పై రంగు వరకే గీయండి, జాజికాయ సగానికి తగ్గించండి అని రాస్తే, వాళ్లు వచ్చే అక్టోబరులో మళ్లీ పొయ్యి వెలిగించేటప్పుడు ఆ కాగితాన్ని పక్కన పెట్టుకుంటారు.