పిడుగు మీద నెట్టేయకండి: ట్రాన్స్‌ఫార్మర్ కాయిల్స్ గురించి అపోహలు - వాస్తవాలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు సబ్‌స్టేషన్‌లో పవర్ ట్రాన్స్‌ఫార్మర్ పోయిందంటే రిపోర్టులో మొదట కనబడే కారణం పిడుగు. ఆ మాట రాస్తే ఇంకో ప్రశ్న అడిగేవాళ్ళుండరు మరి! మా కొండల్లో పిడుగులకు కొదవ లేదు, నిజమే. కానీ ట్రాన్స్‌ఫార్మర్ విప్పి చూస్తే కనబడేది చాలాసార్లు వేరే కథ.

అపోహ: పిడుగు దెబ్బకే కాయిల్ నలిగిపోతుంది.

పిడుగు తెచ్చేది వోల్టేజీ. మైక్రోసెకన్లలో వచ్చిపోతుంది. దాని దెబ్బ ఇన్సులేషన్ మీద, అందులోనూ లైన్ వైపు మొదటి చుట్ల మీద పడుతుంది. రాగిని వంచేది ఫాల్ట్ కరెంటు, అంటే లైన్ షార్ట్ అయినప్పుడు పారే భారీ కరెంటు. పిడుగుకి ఇన్సులేటర్ మీద ఆర్క్ లేస్తే దాని వెనకే ఆ కరెంటూ వస్తుంది. మబ్బు లేని రోజున 11 కేవీ లైన్ మీద నీలగిరి కొమ్మ పడినా వచ్చేది అదే.

అపోహ: కరెంటు పది రెట్లయితే బలమూ పది రెట్లే.

కాదు, వంద రెట్లు. బలం కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 33/11 కేవీ, 5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. ఇంపీడెన్స్ (కరెంటుకు లోపల ఎదురయ్యే అడ్డు) 7.15 శాతం, 11 కేవీ వైపు ఫుల్‌లోడ్ 262 ఆంపియర్లు. సబ్‌స్టేషన్ గేటు దగ్గరే మూడు ఫేజులూ కలిస్తే, 33 కేవీ వైపు ఇంపీడెన్స్ లెక్కలోకి తీసుకోకపోతే, సుమారు 3,670 ఆంపియర్లు. పద్నాలుగు రెట్లు! బలం దాదాపు 200 రెట్లు. మొదటి అరసైకిల్‌లో ఇంకా ఎక్కువ. అప్పటికి బ్రేకర్ తెరుచుకోనే లేదు.

హెచ్‌వీ (ఎక్కువ వోల్టేజీ, బయటిది), ఎల్‌వీ (తక్కువ వోల్టేజీ, లోపలిది) కాయిల్స్‌లో కరెంట్లు ఎదురెదురు దిశల్లో పోతాయి కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. బయటిది బయటికి సాగుతుంది, లోపలిది కోర్ వైపు నొక్కుకుపోతుంది. విప్పినప్పుడు బయటి కాయిల్ కొత్తదానిలా ఉండి, లోపలి ఎల్‌వీ కాయిల్ పట్టీల మధ్య గుంటలు పడి ఉండటం, ఊడిపోయిన ప్రెస్‌బోర్డ్ (ఇన్సులేషన్ అట్ట) ముక్కలు ట్యాంకు అడుగున దొరకడం ఈ బాపతే.

ఫాల్ట్ దూరంగా జరిగితే లైన్ ఇంపీడెన్సే కొంత కాపాడుతుంది. అందుకే చెట్లు కొట్టించేటప్పుడు సబ్‌స్టేషన్ పక్క స్తంభాల నుంచి మొదలుపెట్టమంటాను.

అపోహ: మెగ్గర్ బాగుంది, చార్జ్ చేసేయొచ్చు.

మెగ్గర్ అనే మీటర్ చెప్పేది ఇన్సులేషన్ సంగతి. కాయిల్ కాస్త జరిగినా మెగ్గర్ బాగానే చూపిస్తుంది, వోల్టేజీ రేషియో కూడా సరిగ్గానే వస్తుంది. ఆకారం మారిందో లేదో తెలియాలంటే ఇంపీడెన్స్ కొలిచి నేమ్‌ప్లేట్‌తో పోల్చాలి. రెండు మూడు శాతం తేడా ఉంటే ఎస్‌ఎఫ్‌ఆర్‌ఏ (రకరకాల ఫ్రీక్వెన్సీల్లో కాయిల్ స్పందనను గ్రాఫ్‌గా గీసే పరీక్ష) చేయించాలి. పాత గ్రాఫ్ లేకపోతే ఫేజుకీ ఫేజుకీ పోల్చి చూడొచ్చు.

అపోహ: "ఓసారి ఏసి సూద్దాం సార్, నిలబడుద్దేమో."

ఫాల్ట్ పోకుండానే ట్రిప్ అయిన బ్రేకర్ మళ్ళీ వేస్తే అది ఇంకో దెబ్బ. ఏళ్ళు గడిచేకొద్దీ ఇన్సులేషన్ కాగితం కుంచించుకుపోయి కాయిల్ బిగువు ఎలాగూ తగ్గుతుంది. వదులైన కాయిల్‌కి రెండో దెబ్బ మొదటిదానికన్నా చెడ్డది. లైన్ తిరిగి చూసొచ్చాకే వేయండి. న్యూమరికల్ (డిజిటల్) రిలే ఉంటే ఫాల్ట్ కరెంటు అందులో ఉంటుంది. లాగ్‌బుక్‌లో ట్రిప్ టైం పక్కన ఆ అంకె కూడా రాయండి.