నీడలోని తెల్ల చొక్కా

"రెండేళ్ళుగా ప్రతి ఆదివారం స్కెచ్‌బుక్ పట్టుకుని బయటికి వెళ్తున్నాను. వంద బొమ్మలు దాటాయి. మొదటి బొమ్మకీ వందో బొమ్మకీ పెద్ద తేడా లేదు. పైగా ఇంటికి తెచ్చి చూస్తే అన్నీ చీకటిగా, మురికిగా ఉంటున్నాయి. నాకిక చేయి తిరగదా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

ముందు ఆ 'చేయి తిరగడం' అన్న మాట సంగతి చూద్దాం. లోపమంతా చేతిదే అని మన భాష ఎప్పుడో తీర్పు చెప్పేసింది. సూదిలో దారం ఎక్కించగల చేతికి, రోజూ ఒకేలా సంతకం పెట్టగల చేతికి, చెట్టు అంచు గీయడం అంత కష్టమా? చాలామంది తాము చూసినదాన్ని చూసినట్టు ఎందుకు గీయలేరన్న ప్రశ్నను 1997లో డేల్ కోహెన్, సుసాన్ బెనెట్ అనే పరిశోధకులు పరీక్షకు పెట్టారు. చేతి పట్టు తప్పడంతో సహా ఒక్కో కారణాన్నీ విడిగా పరిశీలించారు. ప్రధాన దోషి చేయి కాదు, వస్తువును చూడటంలోనే జరిగే పొరపాటు అని తేల్చారు. అంటే తిరగాల్సింది కన్ను అన్నమాట. (కళ్ళు తిరగడం అంటే మనకు వేరే అర్థం ఉంది. ఎండలో గంటల తరబడి కూర్చుంటే అదీ జరుగుతుంది, టోపీ మరవకండి.)

ఈ చూపు పొరపాట్లలో నాకు మహా ఇష్టమైనది ఒకటుంది. నీడలోని తెలుపు, ఎండలోని బూడిద కన్నా ఎక్కువ వెలుగుతోందని భ్రమపడటం. ఈ వ్యాసమంతా దాని గురించే. దూరపు గీతలు ఎక్కడ కలవాలి, బొమ్మలో చెట్టు ఏ మూల ఉండాలి లాంటివి ఏ డ్రాయింగ్ పుస్తకంలోనైనా దొరుకుతాయి.

మబ్బులేని మధ్యాహ్నం ఎండలో నేలమీద పడే వెలుతురు సుమారు 1,00,000 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం). పక్కనే గోడ నీడలో సూర్యుడు కనపడడు, ఆకాశపు వెలుతురు మాత్రమే పడుతుంది. అది 15,000 అనుకుందాం. ఆ నీడలో ఒక తెల్ల చొక్కా ఆరేశారు. తెల్ల గుడ్డ తనమీద పడ్డ వెలుతురులో 80 శాతం తిప్పి పంపుతుంది కాబట్టి చొక్కా నుంచి వచ్చేది 12,000 పాళ్ళు. ఎండలో ఒక బూడిద రంగు గోడ ఉంది. అది 20 శాతమే తిప్పి పంపుతుంది, అయినా 20,000 పాళ్ళు. మన కంటికి చేరేది గోడ నుంచే ఎక్కువ! కానీ అక్కడ నిలబడ్డ ఎవరినైనా అడగండి, చొక్కా తెల్లగా ఉంది, గోడ బూడిదగా ఉంది అంటారు. బొమ్మలోనూ అలాగే వేస్తారు. చొక్కాకి కాగితపు తెలుపు వదిలేస్తారు, గోడకి బూడిద పూస్తారు. దాంతో బొమ్మలో ఎండ మాయమవుతుంది.

ఆ 20 శాతం ఊరికే ఎంచుకోలేదు. రంగు ఎంత లేతో, ఎంత ముదురో కొలిచే, ఆల్బర్ట్ మన్సెల్ పేరుతో ఉన్న కొలబద్దలో నలుపు 0, తెలుపు 10. మన కంటికి ఆ రెంటికీ సరిగ్గా నడుమ ఉన్నట్టు కనిపించే 5వ మెట్టు బూడిద తిప్పి పంపేది 50 శాతం కాదు, దాదాపు 20 శాతమే. కాబట్టి మన గోడ నడిమి బూడిద. ఎండలో ఉన్న నడిమి బూడిద, నీడలో ఉన్న తెలుపును ఓడిస్తోంది.

మెదడు ఇలా ఎందుకు చేస్తుంది? దానికి వెలుతురుతో పనిలేదు, వస్తువుతోనే పని. చొక్కా నీడలోకి వెళ్ళగానే బూడిదదైపోయిందని అనుకుంటే రోజులో పదిసార్లు మన బట్టల్ని మనమే గుర్తుపట్టలేం. అందుకని మెదడు నీడ లెక్కను గుట్టుగా తీసేసి, మనకు వస్తువు సొంత రంగునే అందిస్తుంది. 1995లో ఎడ్వర్డ్ అడెల్సన్ వేసిన చదరంగపు గళ్ళ బొమ్మ చూసే ఉంటారు. ఒక స్తంభం నీడలో పడ్డ తెల్ల గడీ, బయట ఉన్న నల్ల గడీ నిజానికి ఒకే బూడిద. ఆ సంగతి తెలిశాక కూడా అవి ఒకేలా కనపడవు. నాకు ఇప్పటికీ కనపడవు.

నీడ రంగు గురించీ ఇదే తంతు. బడిలో నేను చెట్టు నీడకి నీలం పూస్తే మాస్టారు ఎర్ర సిరాతో కొట్టేసి "నీడ నల్లగా ఉంటుంది" అని రాశారు. గాలి అణువులు కాంతిని చెదరగొట్టే తీరు తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది, అంటే తరంగం పొట్టిదైన కొద్దీ చాలా ఎక్కువ చెదురుతుంది. 450 నానోమీటర్ల నీలం, 650 నానోమీటర్ల ఎరుపు కన్నా నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. ఆకాశం నీలంగా ఉండేది అందుకే. ఆరుబయట నీడలో దీపం పెట్టేది ఆ ఆకాశమే. మాస్టారికి ఈ లెక్క అప్పుడు చెప్పలేకపోయాను.

మళ్ళీ చొక్కా దగ్గరకి. ఎండలోని తెలుపు 80,000 పాళ్ళు. నీడలో, 5 శాతం తిప్పి పంపే నల్ల గొడుగు 750 పాళ్ళు. రెంటి మధ్య వంద రెట్లకు పైగా తేడా. మీ చేతిలో ఉన్నదేమిటి? 80 శాతం తిప్పి పంపే కాగితం, మహా అయితే 4 శాతానికి దిగే ముదురు రంగు. ఇరవై రెట్లు. వందను ఇరవైలో ఇరికించాలి. అంటే ఆరుబయట బొమ్మ వేసేవారెవరూ ప్రకృతిని ఉన్నదున్నట్టు దించడం లేదు, కుదరదు కూడా. నిష్పత్తుల్ని నొక్కి, వరస తప్పకుండా సర్దుతున్నారు. నీడలో ఉన్న ఏ రంగైనా ఎండలో ఉన్న అన్ని రంగుల కన్నా ముదురుగానే ఉండాలని డ్రాయింగ్ క్లాసుల్లో ఒక సూత్రం చెబుతారు. మొదట్లో పనికొస్తుంది, కానీ శాసనమేమీ కాదు. లెక్క వేయండి, ఆ నల్ల గొడుగునే ఎండలో పెడితే 5,000 పాళ్ళు. నీడలోని చొక్కా 12,000.

ఇంత చెప్పాక "సాధన చేస్తే కన్ను మారుతుంది" అంటానని మీరు అనుకుంటారు. నేనూ చాలాకాలం అదే నమ్మాను. 2011లో ఫ్లోరియన్ పెర్‌డ్రో, పాట్రిక్ కావానా అనే పరిశోధకులు చిత్రకారుల్నీ మామూలువాళ్ళనీ ఇలాంటి పరీక్షల్లోనే పోల్చి చూశారు. చిత్రకారులు మెదడు సర్దుబాట్లను తప్పించుకుని చూడగలరా అన్నది ప్రశ్న. లేదు, అందరిలాగే వాళ్ళూ పొరబడ్డారు. మొదట చెప్పిన 1997 ఫలితానికి ఇది అడ్డం కాదనే నా ఉద్దేశం. పొరపాటు అందరిదీ. పని తెలిసినవాళ్ళు తమ కంటిని నమ్మరు, సరిచూసుకుంటారు. 'చేతిలో కళ పుట్టుకతో రావాలి' అన్న నమ్మకం జాతకాలకు చుట్టమే, దాన్ని పక్కన పెట్టండి.

ఇప్పుడు మీ వంద బొమ్మల సంగతి. మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్‌సన్ బృందం 1993లో వయొలిన్ విద్యార్థుల మీద రాసిన వ్యాసం నుంచి పుట్టిన 'పది వేల గంటలు సాధన చేస్తే ఆరితేరుతారు' అన్న మాట అందరికీ తెలుసు. అది ఒక సగటు మాత్రమే, గంటలు పోగేస్తే చాలని ఎరిక్‌సన్ అనలేదు. ఒక బలహీనతను పట్టుకుని, తప్పు వెంటనే తెలిసేలా, మళ్ళీ మళ్ళీ చేయడం గురించి ఆయన మాట్లాడారు. మీ ఆదివారాల్లో తప్పు తెలిసేది ఎప్పుడు? ఇంటికి వచ్చాక. అప్పటికి ఆ వెలుతురు లేదు, పోల్చడానికి ఏమీ మిగల్లేదు.

అందుకని ఒక అట్టముక్క తీసుకోండి. మధ్యలో పెన్సిల్ దూరేంత చిల్లు, పక్కన తెలుపు నుంచి నలుపు దాకా అయిదు బూడిద గళ్ళు. ముందు మామూలుగా చూసి చొక్కా ఎన్నో గడిలో పడుతుందో అంచనా రాయండి. తర్వాత చేయి చాచి, ఒక కన్ను మూసి, చిల్లులోంచి చొక్కా మీది ఒక్క మచ్చనే చూడండి. చుట్టూ ఉన్నది కనపడకపోతే మెదడుకి నీడ అని తెలీదు, సర్దుబాటూ చేయదు. చొక్కా ఠక్కున నడిమి బూడిద కన్నా ముదురుగా దిగుతుంది. అట్టను మాత్రం ఎండలోనే పట్టుకోవాలి. నీడలో పట్టుకుంటే ఎండలోని మన బూడిద గోడ అట్టమీది తెలుపును మించిపోతుంది. అంచనాకీ కొలతకీ తేడా పక్కన రాసుకోండి. తప్పులు అటూ ఇటూ చెల్లాచెదురుగా రావు, ఒకే వైపు వస్తాయి: నీడలోని తెలుపుని మరీ లేతగా, ఎండలోని ముదురు రంగుల్ని మరీ ముదురుగా ఊహిస్తాం. తూకంలో ఎప్పుడూ ఒకే మొగ్గు ఉంటే సరిదిద్దడం తేలిక.

బొమ్మలు అగ్గిపెట్టె అంత చాలు, పెన్సిల్‌తో, మూడే టోన్లు (లేత, నడిమి, ముదురు), ఒక్కోటి పది నిమిషాలు. పెద్ద బొమ్మకి సూర్యుడు ఆగడు. అతను 30 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు 10 మీటర్ల చెట్టు నీడ 17 మీటర్లు, 20 డిగ్రీలకు దిగేసరికి 27. ఉష్ణమండలంలో దానికి ముప్పావుగంట చాలు. మొదలుపెట్టిన నీడ వేరు, ముగించిన నీడ వేరు. ఫ్రెంచి చిత్రకారుడు క్లోడ్ మోనే 1890–91లో గడ్డివాములు వేసేటప్పుడు వెలుతురు మారినప్పుడల్లా కాన్వాసే మార్చేవాడు. వస్తువు అదే, మారేది వెలుతురు ఒక్కటే. ఏ ప్రయోగశాలలోనైనా చేసేది అదే కదా.

ఇంటికి తెచ్చాక బొమ్మలు చీకటిగా ఉంటున్నాయన్నారు. మీ కాగితం ఎండలో ఉంటోందని నా అనుమానం. 1,00,000 లక్స్‌లో ముదురు రంగులు కూడా విడివిడిగా, కళకళలాడుతూ కనిపిస్తాయి. కాగితం మిరుమిట్లు గొలుపుతుంటే దాన్ని అణచడానికి చేయి ఇంకాస్త రంగు పూస్తుంది. కొన్ని వందల లక్స్ ఉన్న గదిలోకి రాగానే ఆ ముదురు రంగులన్నీ కలిసిపోయి ఒకే మసి అవుతాయి. వచ్చే ఆదివారం అట్ట ఎండలో, కాగితం మీ ఒంటి నీడలో పెట్టుకుని కూర్చోండి.